ఒక్క ఓటు తక్కువ

1868 మే 16, శనివారం నాడు వాషింగ్టన్‌లోని సెనేట్ సభామందిరంలోకి ఒక వృద్ధుణ్ణి కుర్చీలో మోసుకొచ్చారు. వయసు 76 ఏళ్లు. పుట్టుకతోనే ఒక పాదం వంకర. నెలల తరబడి జబ్బుతో శరీరం శుష్కించింది, నాలుగడుగులు వేసే శక్తి కూడా లేదు. ఆ సభలో ఆయనకు ఓటు లేదు. ఆయన ప్రతినిధుల సభ సభ్యుడు, అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌పై అభియోగం మోపి ఆ సభ తరఫున వాదించడానికి నియమితులైన ఏడుగురిలో ఒకడు. 54 మంది సెనేటర్లను పేరు పేరునా పిలిచారు. దోషి అన్నవారు 35 మంది, కాదన్నవారు 19 మంది. మూడింట రెండు వంతులు కావాలంటే 36 ఉండాలి. జాన్సన్ పదవి నిలిచింది. వృద్ధుణ్ణి మళ్లీ కుర్చీలోనే బయటికి మోసుకుపోయారు. ఆ తరువాత మూడు నెలలు కూడా ఆయన బతకలేదు.

ఆయన పేరు థాడియస్ స్టీవెన్స్. స్పీల్‌బర్గ్ తీసిన ‘లింకన్’ సినిమా చూసినవారికి విగ్గు పెట్టుకుని, కుంటుతూ, నిప్పులు చెరిగే ముసలి సభ్యుడిగా గుర్తుండవచ్చు. నూటయాభై ఏళ్లు దాటిన ఒక ఓటింగును కులప్రశ్నల గురించి రాసుకునే చోట ఇప్పుడు తవ్వడానికి కారణం ఉంది. అధికారంలో ఉన్నవాణ్ణి తొలగించడానికి సాధారణ మెజారిటీ చాలదు, ప్రత్యేక మెజారిటీ కావాలని రాజ్యాంగాలు రాసుకుంటాయి. ఏ ఒక్క పార్టీ పంతంతోనో ఆ పని జరిగిపోకూడదని, పార్టీలకు అతీతంగా సభ ఒప్పుకున్నప్పుడే జరగాలని దాని ఉద్దేశం. కానీ సభ్యులు పార్టీల వారీగా గీత గీసుకుని కూర్చున్న సభలో ఆ నియమం ఏమవుతుంది? నాటి అమెరికాలో ఆ లెక్క తప్పినప్పుడు అసలు నష్టపోయినది ఓడిన పార్టీ కాదు. అప్పటికి ఆ కాంగ్రెసులో ఒక్క సీటు కూడా లేని, బానిసత్వం నుంచి అప్పుడే బయటపడిన 40 లక్షల మంది నల్లజాతి ప్రజలు.

స్టీవెన్స్ 1792 ఏప్రిల్ 4న వెర్మాంట్ రాష్ట్రంలోని డాన్‌విల్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి పొలం పని చేస్తూ చెప్పులు కుట్టేవాడు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉండగానే ఇల్లు వదిలిపోయాడు. తల్లి సారా రెక్కలు ముక్కలు చేసుకుని నలుగురు కొడుకులను పెంచింది, కుంటి పిల్లవాడు పొలం పనికి పనికిరాడని చదువుకు పంపింది. ఆమె మీది కృతజ్ఞతను ఆయన జీవితాంతం చెప్పుకున్నాడు. చెప్పులు కుట్టేవాడి కొడుకు డార్ట్‌మత్ కళాశాలలో పట్టా పుచ్చుకుని, పెన్సిల్వేనియాకు వలస వెళ్లి, గెటిస్‌బర్గ్ ఊళ్లో పేరున్న వకీలు అయ్యాడు. అక్కడ తెల్లవాడికి తండ్రి వృత్తి కొడుకు నుదుటిన ముద్రగా అంటుకోలేదు. మన దేశంలో ఆ వృత్తి చేసినవాడి బిడ్డకు అదే కాలంలో బడి గడప ఎంత దూరమో చెప్పనక్కరలేదు. అయితే అమెరికాలో అంటుకునే ముద్ర వేరే ఉంది, అది చర్మం మీద ఉంది. ఆ సంగతి స్టీవెన్స్‌కు తొలినాళ్లలో పట్టలేదు.

పట్టలేదనడానికి ఒక దావా సాక్ష్యం. చారిటీ బట్లర్ అనే బానిస స్త్రీ, యజమానులతోపాటు మేరీలాండ్ నుంచి పెన్సిల్వేనియాకు వచ్చిపోతూ ఉండేది. పెన్సిల్వేనియాలో ఆరు నెలలు ఉంచుకున్న బానిసకు అక్కడి చట్టం ప్రకారం స్వేచ్ఛ వస్తుంది. తానున్న రోజులన్నీ కలిపితే ఆరు నెలలు దాటాయని, తానూ తన పిల్లలూ స్వతంత్రులమని ఆమె వాదించింది. యజమాని పక్షాన నిలిచిన వకీలు స్టీవెన్స్. ఆరు నెలలు వరుసగా ఉండాలి తప్ప విడివిడి రోజులను కూడకూడదన్నది ఆయన వాదన. 1821లో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం ఆ వాదనను అంగీకరించింది. చారిటీ, ఆమె పిల్లలు తిరిగి బానిసత్వంలోకి వెళ్లిపోయారు. చట్టంలోని లెక్కను పట్టుకుని మనిషిని ఓడించడం ఎంత తేలికో ఆయనకు తెలిసిన మొదటి సందర్భం బహుశా అదే. ఆ తరువాత యజమానుల కోసం అటువంటి వాదన ఆయన చేసినట్టు కనబడదు. పారిపోయి వచ్చిన బానిసల పక్షాన, తరచూ ఫీజు తీసుకోకుండా వాదించినట్టు మాత్రం బోలెడు సాక్ష్యం ఉంది. ఆ దావా గురించి పశ్చాత్తాపపడ్డాడా అన్నదానికంటే ఆ తరువాతి 47 ఏళ్లు ఏం చేశాడన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది.

1833లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. పేదపిల్లలకు ఉచిత పాఠశాలలు పెట్టే చట్టాన్ని పన్నుల భారం పేరుతో రద్దు చేయడానికి 1835లో సభ సిద్ధమైంది. ఎగువ సభ అప్పటికే రద్దుకు ఓటు వేసేసింది. స్టీవెన్స్ చేసిన ప్రసంగంతో దిగువ సభ మనసు మార్చుకుంది, చట్టం బతికింది. రెండేళ్ల తరువాత రాష్ట్ర రాజ్యాంగాన్ని తిరగరాసే సభలో సభ్యుడయ్యాడు. ఆ సభ ఓటుహక్కును తెల్లవారికే పరిమితం చేసింది. అంతకుముందు పెన్సిల్వేనియాలో కొన్నిచోట్ల ఓటు వేస్తున్న నల్లవారికి ఉన్న కాస్త హక్కూ పోయింది. తయారైన రాజ్యాంగం మీద సంతకం చేయడానికి స్టీవెన్స్ నిరాకరించాడు.

ఇంతవరకూ చదివి ఆయనను పార్టీ రాజకీయాలకు అతీతుడైన మహాత్ముడిగా ఊహించుకుంటే పొరపాటు. ఆయన నిలువెల్లా పార్టీ మనిషి. ఒక పార్టీ తరువాత ఒకటిగా మారినా, ఉన్న చోట పార్టీ కోసం ఏ ఎత్తు వేయడానికీ వెనుదీయలేదు. 1838లో ఫిలడెల్ఫియా ఎన్నికల ఫలితాలు వివాదంలో పడ్డాయి. ఎవరి సభ్యులను సభలో కూర్చోబెడితే వారిదే మెజారిటీ అన్న పరిస్థితి. ఇరుపక్షాలూ చెరొక స్పీకరును ఎన్నుకున్నాయి. జనం సెనేట్ మందిరంలోకి చొరబడితే స్టీవెన్స్ తన మిత్రులతో కలిసి కిటికీలోంచి దూకి తప్పించుకున్నాడు. మెజారిటీ అంటే ప్రజలు ఇచ్చేది మాత్రమే కాదు, హాజరుపట్టీలో పేర్లు ఎవరు చదువుతారన్నదానిమీద కూడా ఆధారపడుతుందని ఆయన నేర్చుకున్నది అక్కడే. ఆ పాఠం 27 ఏళ్ల తరువాత అక్కరకు వచ్చింది.

1842లో లాంకాస్టర్ పట్టణానికి మారాడు. పెళ్లి చేసుకోలేదు. లిడియా హామిల్టన్ స్మిత్ అనే మిశ్రమజాతి వితంతువు సుమారు రెండు దశాబ్దాలు ఆయన ఇంటినీ వ్యవహారాలనూ చూసుకుంది. వారి మధ్య సంబంధం గురించి శత్రుపత్రికలు రాయని రాత లేదు. నిజం ఏమైనా, ఒక నల్లజాతి స్త్రీని ఇంటికి వచ్చినవారంతా గౌరవంగా పలకరించేటట్టు చూసిన ఇల్లు అది. 1849లో కాంగ్రెసుకు వెళ్లాడు. మధ్యలో కొన్నేళ్ల విరామం తరువాత 1859లో రిపబ్లికన్‌గా తిరిగి వచ్చి, చనిపోయేదాకా ఆ సీటులోనే ఉన్నాడు. అంతర్యుద్ధకాలంలో యుద్ధానికి డబ్బు సమకూర్చే సంఘానికి అధ్యక్షత వహించాడు. 1863లో గెటిస్‌బర్గ్ పోరుకు కొద్దిరోజుల ముందు దక్షిణాది సేనలు ఆయన ఇనుప కార్ఖానాను వెతికి మరీ తగులబెట్టాయి.

బానిసత్వాన్ని రద్దు చేసే 13వ సవరణకు కూడా మూడింట రెండు వంతులే కావలసి వచ్చింది. 1864 జూన్‌లో ప్రతినిధుల సభలో అది ఓడిపోయింది. 1865 జనవరి 31న 119–56తో నెగ్గింది, అంటే అవసరమైనదానికంటే రెండే ఓట్లు ఎక్కువ. ఆ ఓట్ల కోసం లింకన్ మనుషులు ప్రత్యర్థి పార్టీ సభ్యులను ఒక్కొక్కరినీ కలిశారు, పదవుల ఆశ కూడా చూపారు. అది శుభ్రమైన పని కాదు. కానీ ప్రత్యేక మెజారిటీ నియమం కోరినట్టు కొందరు పార్టీ గీత దాటి వచ్చిన సందర్భం అదొక్కటే ఈ కథలో కనబడుతుంది. ఆ తరువాత గీత దాటడం కాదు, గీతనే జరపడం మొదలైంది.

అందుకు దారితీసిన లెక్క ఒకటి ఉంది. అమెరికా రాజ్యాంగం మొదట్లో సీట్ల పంపకానికి అయిదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కించింది. ఓటులేని ఆ బానిసల పేరున యజమానులు అదనపు సీట్లు అనుభవించారు. బానిసత్వం పోయాక అయిదుగురూ అయిదుగురే అవుతారు. వారికి ఓటు ఇవ్వకపోతే యుద్ధంలో ఓడిన యజమానులు మునుపటికంటే ఎక్కువ సీట్లతో తిరిగి వస్తారు! జనాభాలో లెక్కకు మనం, అధికారంలో వాటాకు వారు అన్న ఈ సూత్రం మన పాఠకులకు వివరించనవసరం లేనిది.

లింకన్ హత్య తరువాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ సరిగ్గా ఆ తలుపే తెరిచాడు. టెన్నెసీకి చెందిన ఈ దర్జీ బడికి పోయినవాడు కాదు, నిరుపేద తెల్లకుటుంబంలో పుట్టి పెద్ద భూస్వాములను ద్వేషిస్తూ పైకి వచ్చాడు. యుద్ధంలో దక్షిణాది చీలిపోయినా దేశం వైపు నిలబడ్డ సెనేటర్ ఆయన ఒక్కడే. అయినా భూస్వాముల మీది ఆ కోపం నల్లవారి పట్ల సానుభూతిగా మారలేదు. పైవాడి మీద పీకల్దాకా కోపం ఉన్నవాడే కిందివాడు సమానుడవుతాడంటే భరించలేకపోవడం అంతస్తుల సమాజాలన్నిటిలో కనబడే జబ్బు. జాన్సన్ తిరుగుబాటుదారులకు వేలకొద్దీ క్షమాభిక్షలు ఇచ్చాడు. యుద్ధం చివర్లో సైన్యం నల్లజాతి కుటుంబాలకు పంచిన తీరప్రాంత భూములను పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. దక్షిణాది రాష్ట్రాలు పని ఒప్పందం లేని నల్లవాణ్ణి పట్టి జరిమానా వేసి, కట్టలేకపోతే కూలికి వేలం వేసే నల్ల చట్టాలు చేసుకుంటే చూస్తూ ఊరుకున్నాడు.

1865 డిసెంబరు 4న కొత్త కాంగ్రెసు సమావేశమైంది. దక్షిణాది నుంచి ఎన్నికై వచ్చినవారిలో నిన్నటి తిరుగుబాటు సైన్యాధికారులూ ఉన్నారు. సభ గుమాస్తా ఎడ్వర్డ్ మెక్‌ఫర్సన్ స్టీవెన్స్ శిష్యుడు. హాజరుపట్టీ చదివేటప్పుడు దక్షిణాది సభ్యుల పేర్లు ఒక్కటీ చదవలేదు. అభ్యంతరాలు చెప్పబోయినవారికి మాట్లాడే అవకాశమే రాలేదు. హారిస్‌బర్గ్ కిటికీ దూకిన మనిషికి ఈసారి హాజరుపట్టీ చేతికి చిక్కింది. దక్షిణాది లేని సభలో రిపబ్లికన్లకు బలమైన మెజారిటీ ఏర్పడింది.

ఈ పనిని ఎలా చూడాలి? తిరుగుబాటు చేసి ఓడినవారు మర్నాడే వచ్చి పాత కుర్చీల్లో కూర్చోవడాన్ని అడ్డుకోవడం న్యాయమేనని నా అభిప్రాయం. నల్లవారికి ఓటులేని ఎన్నికల్లో గెలిచినవారిని ఆ ప్రాంత ప్రతినిధులని ఒప్పుకోవడమే అన్యాయం. కానీ ఒకసారి మూడింట రెండు వంతులు అన్నది ఒప్పించి సంపాదించేది కాక అమర్చుకునేది అని తేలాక, దానికి అంతు ఉండదు. 1866 మార్చి 27న జాన్సన్ పౌరహక్కుల చట్టాన్ని వీటో చేశాడు. అదే రోజు సెనేట్, న్యూజెర్సీకి చెందిన జాన్ స్టాక్టన్ అనే డెమోక్రాట్ ఎన్నిక చెల్లదని తేల్చి ఆయనను ఇంటికి పంపింది. ఆయనను ఎన్నుకున్న శాసనసభలో ఆయనకు పూర్తి మెజారిటీ రాలేదన్నది చూపిన కారణం. వీటోను తోసిపుచ్చడానికి ఒక్కొక్క ఓటూ లెక్కపెట్టుకుంటున్న వేళ ఆ కారణం గుర్తుకు రావడం యాదృచ్ఛికమని ఎవరూ నమ్మలేదు. పది రోజుల తరువాత సెనేట్ 33–15తో, ఏప్రిల్ 9న ప్రతినిధుల సభ 122–41తో వీటోను తోసిపుచ్చాయి. అమెరికాలో ఒక ప్రధాన చట్టం వీటోను దాటి నిలవడం అదే మొదటిసారి. ఆ చట్టం అక్కడ పుట్టిన నల్లవారిని పౌరులుగా గుర్తించింది. జాన్సన్ పదవీకాలంలో మొత్తం 15 వీటోలను కాంగ్రెసు తోసిపుచ్చింది, మరే అధ్యక్షుడికీ అటువంటి పరాభవం జరగలేదు. వీటో కూడా పార్టీ ఆయుధమే, దాన్ని దాటే మెజారిటీ కూడా పార్టీ ఆయుధమే. మధ్యలో సభ అనేది ఎక్కడా లేదు.

అదే జూన్‌లో కాంగ్రెసు 14వ సవరణను ఆమోదించింది. చట్టం ముందు సమాన రక్షణ అన్న మాట అందులోనే ఉంది. నల్లవారికి ఓటును సూటిగా ఇవ్వనందుకు స్టీవెన్స్ అసంతృప్తి చెందాడు. తాను దేవదూతల మధ్య కాక మనుషుల మధ్య బతుకుతున్నానన్న ఎరుకతో, దొరికినంత తీసుకున్నాడు. దొరకనిది ఇంకొకటి ఉంది. తిరుగుబాటుదారులలోని పెద్ద భూస్వాముల భూములు స్వాధీనం చేసుకుని, బానిసలుగా ఉన్న కుటుంబాలకు తలా 40 ఎకరాలు పంచాలన్నది ఆయన ప్రణాళిక. ఓటు ఒక్కటే ఇచ్చి భూమి ఇవ్వకపోతే పాత యజమాని పొలంలోనే, పాత యజమాని దయమీదే మళ్లీ బతకాలని ఆయనకు తెలుసు. ప్రత్యర్థులు అడ్డుపడి ఉంటే ఆశ్చర్యం లేదు, కానీ ఆ ప్రతిపాదనను చంపినది ఆయన పార్టీయే. ఆస్తి విషయం వచ్చేసరికి రిపబ్లికన్లకూ డెమోక్రాట్లకూ మధ్య గీత ఉన్నట్టుండి మాయమైంది. పార్టీల మధ్య ఏకాభిప్రాయం అన్నది ఎప్పుడూ మంచిదేనని చెప్పేవారు ఆ ఓటింగు చూడాలి.

మెంఫిస్ నగరంలో 1866 మే తొలిరోజుల్లో తెల్లమూకలు, పోలీసులు కలిసి 46 మంది నల్లవారిని చంపారు. జులై 30న న్యూఆర్లియన్స్‌లో ఓటుహక్కు కోసం సమావేశమైనవారి మీద దాడిలో మరి కొన్ని పదులమంది చనిపోయారు. ఆ చావుల పట్ల జాన్సన్ చూపిన నిర్లక్ష్యం ఉత్తరాది ఓటర్లకు కోపం తెప్పించింది. ఆ ఏటి ఎన్నికల్లో రిపబ్లికన్లు ఉభయసభల్లోనూ మూడింట రెండు వంతులు దాటిపోయారు. 1867 మార్చి 2న రెండు చట్టాలు వీటోను దాటి వచ్చాయి. ఒకటి దక్షిణాదిని సైనికపాలన కిందికి తెచ్చి నల్లవారికి ఓటు ఇప్పించేది. రెండోది సెనేట్ అనుమతి లేకుండా అధ్యక్షుడు ఉన్నతాధికారులను తొలగించకూడదనేది. రెండో చట్టాన్ని పన్నిన ఉచ్చు అనవచ్చు. యుద్ధశాఖ మంత్రి స్టాంటన్ కాంగ్రెసు వైపు మనిషి, దక్షిణాదిలోని సైన్యం ఆయన చేతిలో ఉంది. ఆయనను కాపాడటం ఆ చట్టం లక్ష్యం.

1867 డిసెంబరులో జాన్సన్‌పై అభిశంసన తీర్మానం వచ్చినప్పుడు ప్రతినిధుల సభ 57–108తో కొట్టివేసింది. పదవిని దుర్వినియోగం చేశాడని చెబుతున్నారు సరే, ఏ చట్టం ఉల్లంఘించాడని మితవాద రిపబ్లికన్లు అడిగారు. 1868 ఫిబ్రవరి 21న జాన్సన్ స్టాంటన్‌ను తొలగించాడు. మూడు రోజుల్లో అదే సభ 126–47తో అభిశంసించింది, ఓట్లు దాదాపు పూర్తిగా పార్టీల వారీగానే చీలాయి. మధ్యలో మారినది జాన్సన్ నైజం కాదు, నల్లవారి మీద జరుగుతున్న దౌర్జన్యమూ కాదు. ఒక మంత్రి ఉద్యోగం మారింది, అంతే.

నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే విషాదకరమైనది ఆ అభియోగపత్రం. మొత్తం 11 అభియోగాల్లో తొలి ఎనిమిదీ స్టాంటన్ తొలగింపు, అతని స్థానంలో మరొకరి నియామకం చుట్టూ తిరిగాయి. మెంఫిస్ లేదు, న్యూఆర్లియన్స్ లేదు, తిరిగి లాక్కున్న భూములు లేవు. స్టీవెన్స్‌కు ఆ పత్రం నచ్చలేదు. అభిశంసన నేరవిచారణ కాదు, రాజ్యాన్ని దుర్వినియోగం చేసినవాణ్ణి పదవి నుంచి దింపే రాజకీయ ప్రక్రియ అన్నది ఆయన వాదన. పట్టుబట్టి పదకొండో అభియోగాన్ని చేర్పించాడు. పునర్నిర్మాణ చట్టం అమలును అడ్డుకోవడం దానిలో ఒక మూలన చోటు చేసుకుంది. పార్టీ ఏకతాటిపై నిలవాలంటే అందరూ ఒప్పుకునే కారణం కావాలి. అందరూ ఒప్పుకునేది ఎప్పుడూ అతి చిన్న కారణమే అవుతుంది. అందులోంచి బాధితులు జారిపోయారు. పైగా ఆ చిన్న కారణమూ గట్టిది కాదు. మంత్రులు తమను నియమించిన అధ్యక్షుడి పదవీకాలం, ఆపైన ఒక నెల కొనసాగవచ్చని ఆ చట్టం చెప్పింది. స్టాంటన్‌ను నియమించినది జాన్సన్ కాదు, లింకన్. ఇక ఆ చట్టం ఆయనకు వర్తిస్తుందా అన్నదే సందేహం. చారిటీ బట్లర్‌ను ఓడించిన అటువంటి వకీలు లెక్కే ఇప్పుడు ఆమె మాజీ ప్రత్యర్థికి ఎదురుతిరిగింది.

నిష్పక్షపాతంగా తీర్పు చెబుతామని సెనేటర్లు ప్రత్యేకంగా ప్రమాణం చేశారు. ప్రమాణం చేసినవారిలో టెన్నెసీ సెనేటర్ డేవిడ్ ప్యాటర్సన్ జాన్సన్‌కు స్వయానా అల్లుడు. ఒహాయో సెనేటర్ బెంజమిన్ వేడ్ సెనేట్ తాత్కాలికాధ్యక్షుడు. ఉపాధ్యక్షుడు లేడు గనుక జాన్సన్ దిగిపోతే అధ్యక్షపీఠం ఎక్కేది ఆయనే. ఇద్దరూ ఓటు వేశారు, ఎవరెటు వేశారో ఊహించడం కష్టం కాదు. ఏప్రిల్ 27న స్టీవెన్స్ తన వాదన చదవడానికి లేచాడు. కాసేపటికే గొంతు పోయింది. మిగిలినది సహచరుడు బెంజమిన్ బట్లర్ చదివి వినిపించాడు.

సెనేట్‌లో జాన్సన్‌కు ఖాయమైన ఓట్లు 12. మిగిలిన 42 మందిలో ఆరుగురు తప్పుకున్నా ఆయన పదవి పోయేది. ఏడుగురు తప్పుకున్నారు. వారిలో అయోవా సెనేటర్ గ్రైమ్స్ పక్షవాతంతో మంచంపట్టి ఉండి మోయించుకుని వచ్చాడు. ఆ ఏడుగురినీ తరువాతి తరాలు పార్టీకంటే మనస్సాక్షి గొప్పదని నిరూపించిన వీరులుగా కీర్తించాయి. కాన్సాస్ సెనేటర్ రాస్‌కు జాన్ ఎఫ్. కెన్నెడీ పేరున వచ్చిన పుస్తకంలో ఒక అధ్యాయమే దక్కింది. వారిలో ఫెసెండెన్, ట్రంబుల్ వంటివారికి చట్టం మీద నిజమైన సందేహం ఉందని ఒప్పుకోవచ్చు. కానీ వేడ్ అధ్యక్షుడు కావడం ఇష్టంలేనివారూ, తెరవెనుక జాన్సన్ నుంచి హామీలు పుచ్చుకున్నవారూ ఉన్నారు. ఓటు తరువాత రాస్ తన మనుషుల నియామకాల కోసం జాన్సన్‌ను ఆశ్రయించాడు. లంచాల మాటా వచ్చింది, విచారణలో రుజువు కాలేదు. దోషి అన్న 35 మందిని పార్టీ బానిసలనీ, కాదన్న ఏడుగురిని స్వతంత్రులనీ చెప్పేవారు అటువైపున్న 12 మందిని మరిచిపోతారు. వారిలో ఒక్కడు కూడా సాక్ష్యం విని మనసు మార్చుకోలేదు. మే 26న మరో రెండు అభియోగాలపై ఓటింగు పెడితే మళ్లీ అదే 35–19. మిగిలినవాటిని ఓటుకే పెట్టలేదు.

ఆ తరువాత అమెరికాలో అధ్యక్షుల అభిశంసన విచారణ సెనేట్ దాకా మూడుసార్లు వెళ్లింది. 1999లో క్లింటన్, 2020లో ఒకసారి, 2021లో మరోసారి ట్రంప్. ఎన్నడూ మూడింట రెండు వంతులు రాలేదు, 2021లో గరిష్ఠంగా 57–43 వచ్చింది. మన దగ్గర 1993 మేలో జస్టిస్ వి. రామస్వామి తొలగింపు తీర్మానానికి లోక్‌సభలో 196 మంది అనుకూలంగా ఓటు వేశారు. వ్యతిరేకంగా ఒక్కరూ వేయలేదు. పాలకపక్షానికి చెందినవారితో కలిపి 205 మంది తటస్థంగా కూర్చున్నారు. తీర్మానం వీగిపోయింది. కాదని చెప్పనక్కరలేకుండానే కాపాడవచ్చునని అప్పుడు తెలిసింది.

విచారణలో నెగ్గిన జాన్సన్ 1869 మార్చి దాకా పదవిలో ఉన్నాడు. 1868 క్రిస్మస్ రోజున తిరుగుబాటుదారులందరికీ సార్వత్రిక క్షమాభిక్ష ప్రకటించాడు. జులైలో 14వ సవరణ అమల్లోకి వచ్చింది. అదే నెలలో స్టీవెన్స్ కొత్త అభియోగాలతో మరో ప్రయత్నం చేశాడు. పార్టీ పట్టించుకోలేదు, అప్పటికి దాని చూపంతా గ్రాంట్‌ను అధ్యక్షుడిగా గెలిపించుకోవడం మీద ఉంది. ఆగస్టు 11 అర్ధరాత్రి ఆయన కన్నుమూశాడు. చివరి గంటల్లో నల్లజాతి మతబోధకులు వచ్చి ప్రార్థన చేశారు. లిడియా స్మిత్ మంచం పక్కనే ఉంది. క్లే, లింకన్‌ల తరువాత కాంగ్రెసు భవనం గుమ్మటం కింద ప్రజల దర్శనానికి ఉంచిన మూడో భౌతికకాయం ఆయనది. నల్లజాతి సైనికులు కాపలా నిలిచారు. నెల తిరిగేసరికి జార్జియా శాసనసభ, ఎన్నికై వచ్చిన నల్లజాతి సభ్యులను రంగు కారణంగా బహిష్కరించింది. దానికీ మెజారిటీ ఓటింగే జరిగింది.

ఆయనను చరిత్ర చాలాకాలం రాక్షసుడిగానే రాసింది. 1915లో వచ్చిన ‘బర్త్ ఆఫ్ ఎ నేషన్’ సినిమాలోని దుష్టరాజకీయుడికి ఆయనే నమూనా. నల్లవారికి ఓటు ఇవ్వడమే పొరపాటని బోధించిన చరిత్రకారుల బృందానికి కొలంబియా విశ్వవిద్యాలయం కేంద్రం. 1913 నుంచి 1916 దాకా అంబేడ్కర్ చదువుకున్నది కూడా ఆ విశ్వవిద్యాలయంలోనే. ఆ చరిత్రను తలకిందులు చేసిన నల్లజాతి పండితుడు డుబాయిస్ 1935లో పునర్నిర్మాణకాలం మీద గ్రంథం రాశాడు. 1946లో అంబేడ్కర్ ఆయనకు ఉత్తరం రాశారు, జవాబు అందుకున్నారు. మన రాజ్యాంగం 14వ అధికరణంలోని సమాన రక్షణ అన్న భావం అమెరికా 14వ సవరణ నుంచి వచ్చినదే. స్టీవెన్స్ పోయిన అయిదేళ్లకు, 1873లో, జోతిబా ఫూలే తన ‘గులాంగిరి’ని నల్లవారి విముక్తి కోసం త్యాగం చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు.

ఆయన వీలునామాలో లిడియా స్మిత్‌కు 5,000 డాలర్లు, లేదంటే ఏటా 500 డాలర్లు రాశాడు. మిగిలే ఆస్తితో లాంకాస్టర్‌లో అనాథల ఆశ్రమం కట్టాలని షరతులతో రాశాడు. రంగునుబట్టి, జాతినిబట్టి, తల్లిదండ్రుల మతాన్నిబట్టి ఏ బిడ్డనూ కాదనకూడదు. ఐరిష్‌వారిని, జర్మన్లను, మహమ్మదీయులను పేరుపెట్టి మరీ చేర్చాడు. అందరూ ఒకే తరగతిలో చదవాలి, ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాలి. ఆ సొమ్ముతో వచ్చిన విద్యాసంస్థ ఈనాటికీ ఆ ఊళ్లో ఆయన పేరుతో నడుస్తోంది. ఊళ్లోని పెద్ద శ్మశానాల నియమాలు నల్లవారిని రానివ్వవని తెలిసి, ఆయన వాటిని కాదనుకున్నాడు. ఎవరినైనా రానిచ్చే ష్రైనర్ శ్మశానమనే చిన్న జాగాను ఎంచుకున్నాడు. ఎందుకు ఎంచుకున్నాడో రాయి మీద తానే రాయించుకున్నాడు.